యంత్రం పని తగ్గిస్తే బానిసలు ఎందుకు పెరిగారు?

ఎనిమిదో క్లాసు అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాప ఇక్కడ అమెరికాలో ఎనిమిదో తరగతి చదువుతోంది. సోషల్ టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పుస్తకంలో మూడు వేరువేరు పాఠాలు ఉన్నాయి: బ్రిటన్‌తో 1812 యుద్ధం, మసాచుసెట్స్‌లో బట్టల మిల్లులు, చెరోకీలనే మూలవాసులను వాళ్ల ఊళ్లలోంచి వెళ్లగొట్టడం. ఈ మూడింటికీ సంబంధం ఏమిటో ఒక్క చార్టు మీద చూపించాలట.

నాకు మొదట్లోనే ఒకచోట బుర్ర ఆగిపోయింది. ఎలీ విట్నీ జిన్ను అనే యంత్రం కనిపెట్టాక పత్తిలోంచి గింజ తీసే పని బాగా తేలికైపోయిందని రాశారు. పని తేలికైతే మనుషుల అవసరం తగ్గాలి కదా? కానీ బానిసలు 1790లో సుమారు 7 లక్షలు, 1860 నాటికి దాదాపు 40 లక్షలు అని అదే పాఠంలో ఉంది. పాప అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బఫెలో బాబాయ్:

సింపులండి. గింజ తీయడం చవకైంది, దూది ధర దిగింది, కొనేవాళ్లు పెరిగారు, కాబట్టి ఎక్కువ వేశారు. ఎక్కువ వేస్తే ఎక్కువమంది కావాలి. యంత్రం వచ్చాక ఇక ఆగేది కాదు. చార్టులో ఎరీ కాలువ తప్పకుండా పెట్టించండి. 1817లో తవ్వడం మొదలుపెట్టి 1825లో పూర్తిచేశారు, 363 మైళ్లు. బఫెలో నుంచి న్యూయార్క్‌కి టన్ను సరుకు పంపాలంటే అంతకుముందు 100 డాలర్ల దాకా అయ్యేది, కాలువ వచ్చాక 10 డాలర్లకు పడిపోయింది. దేశం ఎదిగిందంటే ఇలాంటి వాటివల్లే.

నూలుపోగు:

అమ్మా, పాప సరైన చోట ఆగింది. నా ఉద్యోగమంతా స్పిన్నింగ్ మిల్లులోనే గడిచింది. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర, మసాచుసెట్స్‌లో లోవెల్ అనే పాత మిల్లుల ఊరికి కాస్త దూరంలో ఉంటున్నాను. ఈ విషయం మీద నాకు చాలా పట్టుదల ఉంది, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు పత్తి సంగతి. అప్పట్లో అక్కడ రెండు రకాలు వేసేవారు. పొడుగు పింజ రకానికి గింజ నల్లగా, నున్నగా ఉంటుంది. రెండు రోలర్ల మధ్య పెట్టి తిప్పితే దూది అటు పోతుంది, గింజ ఇటు పడుతుంది. ఈ పద్ధతి విట్నీకి ఎంతో ముందు నుంచే ఉంది. చిక్కేమిటంటే ఆ రకం జార్జియా, సౌత్ కరోలినా తీరంలోనూ, దగ్గర దీవుల్లోనూ తప్ప సరిగా పండదు. లోపలి నేలల్లో పండేది పొట్టి పింజ. దాని గింజ ఆకుపచ్చగా, ఒళ్లంతా నూగుతో ఉంటుంది, దూదిని ఒక పట్టాన వదలదు. చేత్తో తీస్తే రోజంతా కూర్చున్నా మనిషికి ఒక పౌను దూది వస్తే గొప్ప.

1793లో సవానా దగ్గర మల్బెరీ గ్రోవ్ అనే తోటలో విట్నీ చేసిన యంత్రం ఇలా ఉంటుంది. చెక్క రోలరుకి తీగ పళ్లు బిగించి ఉంటాయి. అవి సన్నటి సందులున్న కమ్మీల మధ్యనుంచి తిరుగుతాయి. పళ్లు దూదిని లాక్కుపోతాయి, గింజ ఆ సందులో పట్టదు కాబట్టి ఇవతలే రాలిపోతుంది. అవతల ఒక బ్రష్షు తిరుగుతూ పళ్లకు అంటుకున్న దూదిని దులిపేస్తుంది. అంతే! దాంతో రోజుకి యాభై పౌన్ల దాకా వచ్చేది. చూస్తే ఎవరికైనా అర్థమయ్యే యంత్రం కాబట్టి, 1794లో పేటెంటు వచ్చినా ఊరూరా కమ్మరివాళ్లు సొంతంగా చేసేసుకున్నారు. విట్నీ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు.

ఇప్పుడు పాప ప్రశ్న. మిల్లులో ఒక డిపార్టుమెంటు స్పీడు పెంచితే మొత్తం పని తగ్గదు, దానికి సరుకు అందించే వెనక డిపార్టుమెంటు మీద ఒత్తిడి పడుతుంది. ఇక్కడా అదే జరిగింది. గింజ తీయడం ఒక్కటే వేగం అందుకుంది. దున్నడం, కలుపు తీయడం, పత్తి ఏరడం ఎప్పటిలాగే ఉన్నాయి. కాయలన్నీ ఒకేసారి పగలవు కదా, ఆగస్టు చివర మొదలుపెడితే క్రిస్మస్ దాటేదాకా అదే చేలో మళ్లీ మళ్లీ ఏరాలి. పత్తి ఏరే యంత్రం అమెరికా పొలాల్లోకి గట్టిగా దిగింది 1940ల్లో. జిన్నుకీ దానికీ మధ్య సుమారు నూటయాభై ఏళ్లు. అన్నేళ్లూ ఆ పని చేతులతోనే జరిగింది. మొదటి డెబ్భై ఏళ్లు ఆ చేతుల్లో ఎక్కువ భాగం బానిసలవి.

సాయంత్రం తూకం దగ్గర ఏం జరిగేదో విముక్తి పొందినవాళ్లు తర్వాత చెప్పారు. చీకటి పడ్డాక బుట్టలు మోసుకుని జిన్ను షెడ్డుకి రావాలి. ఒక్కొక్కరి బుట్టా తూచేవారు. ఆ మనిషికి కట్టిన లెక్కకన్నా తక్కువ వస్తే కొరడా. ఎక్కువ వస్తే మర్నాటినుంచి ఆ ఎక్కువే లెక్క. అందుకని తక్కెడ దగ్గరికి వెళ్లాలంటే ఎంత ఏరినవాళ్లకైనా భయమే. పాప వయసుని బట్టి ఎంతవరకు చెప్పాలో మీరు చూసుకోండి, కానీ పూర్తిగా వదిలేయకండి.

ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారు? 1808 జనవరి 1 నుంచి బయటి దేశాలనుంచి బానిసలను తేవడం నిషేధం. దాంతో వర్జీనియా, మేరీలాండ్ లాంటి పొగాకు రాష్ట్రాల నుంచి దక్షిణానికి అమ్మకాలు జోరందుకున్నాయి. మగవాళ్లను జంటలుగా సంకెళ్లు వేసి నడిపించేవారు. వర్జీనియా నుంచి మిసిసిపీలోని నాచెజ్ దాకా అంటే వెయ్యి మైళ్లు. ఎన్నోసార్లు తల్లినీ బిడ్డనీ విడదీసేవారు. ఇలా అమ్మకాల వల్లా, యజమానులతో పాటూ దక్షిణానికి తరలిపోయినవాళ్లు 1860 లోపల సుమారు పది లక్షలమందని చరిత్రకారుల అంచనా.

ఇక నేల. అలబామా, మిసిసిపీల్లో పత్తికి బ్రహ్మాండంగా పనికొచ్చే భూములు 1800లో మూలవాసులవి: క్రీకులవి, చోక్తాలవి, చికసాలవి, చెరోకీలవి. 1812 యుద్ధం చార్టులోకి వచ్చేది ఇక్కడే. పుస్తకాలు దాన్ని బ్రిటన్‌తో యుద్ధంగానే చెప్తాయి. కానీ చివరికి ఆ యుద్ధాన్ని ముగించిన గెంట్ ఒప్పందంలో బ్రిటన్, అమెరికా ఒకరి భూమి ఒకరికి తిరిగి ఇచ్చేసుకున్నాయి. భూమి పోయింది ఆ దేశపు మూలవాసులకి. 1814 మార్చి 27న అలబామాలో టల్లపూసా నది వంపు దగ్గర, హార్స్‌షూ బెండ్ అంటారు, ఆండ్రూ జాక్సన్ (తర్వాత దేశాధ్యక్షుడైనవాడు) సైన్యం క్రీకుల్లో రెడ్ స్టిక్ అనే వర్గంవాళ్లను 800 మందికి పైగా చంపింది. ఆ రోజు జాక్సన్ పక్షాన పోరాడినవాళ్లలో చెరోకీలు ఉన్నారు, క్రీకుల్లోనే వేరే వర్గమూ ఉంది. ఆగస్టు 9న ఫోర్ట్ జాక్సన్ దగ్గర ఒప్పందం రాయించుకున్నప్పుడు సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు తీసుకున్నారు. ఓడినవాళ్ల భూమి ఒక్కటే కాదు, జాక్సన్ పక్కన నిలబడి పోరాడిన క్రీకుల భూమి కూడా. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

తర్వాత ఏమైందో జనాభా లెక్కలే చెప్తాయి. ఇప్పటి అలబామా ప్రాంతంలో మూలవాసులను మినహాయిస్తే 1810లో ఉన్నది 9 వేలమంది. 1820 నాటికి లక్షా పాతిక వేలు దాటారు. 1819లోనే రాష్ట్రం అయిపోయింది.

ఎనిమిదో క్లాసు అమ్మ:

నూలుపోగు గారూ, చాలా థాంక్సండి. పాపకి చదివి వినిపించాను. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. మరి మిల్లులు ఉత్తరాదివి కదా, ఉత్తరాది బానిసత్వానికి వ్యతిరేకం కదా, వాటిని చార్టులో ఎటు పెట్టాలి అని. ఉత్తరాదికి నీలం, దక్షిణానికి ఎరుపు అని రంగులు కూడా వేసేసుకుంది.

నూలుపోగు:

రంగులు ఉండనివ్వండమ్మా, మధ్యలో ఒక నూలు దారం అతికించమనండి.

మిల్లులకి ఊపిరి పోసింది కూడా ఆ యుద్ధమే. 1807 చివర్లో ఎంబార్గో పెట్టి ఓడల వ్యాపారం ఆపేశారు, తర్వాత యుద్ధం. ఇంగ్లండు గుడ్డ రావడం కష్టమైంది. బోస్టన్ ఓడల వ్యాపారుల దగ్గర డబ్బు ఖాళీగా పడి ఉంది. వాళ్లలో ఒకడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్. 1810లో ఇంగ్లండు వెళ్లి అక్కడి మిల్లులన్నీ తిరిగి చూశాడు. యంత్రాలు గానీ వాటి నమూనాలు గానీ దేశం దాటించడానికి బ్రిటన్ ఒప్పుకోదు. మరమగ్గం ఎలా పనిచేస్తుందో అంతా కళ్లతో చూసి బుర్రలో పెట్టుకుని 1812లో తిరిగొచ్చాడు. పాల్ మూడీ అనే మెకానిక్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో చార్లెస్ నది ఒడ్డున మగ్గం తయారుచేయించాడు. 1814లో అది ఆడింది. దూది లోపలికి వెళ్తే గుడ్డగా బయటికి వచ్చే మిల్లు, అంతా ఒకే కప్పు కింద, అమెరికాలో అదే మొదలు. అంతకుముందు రోడ్ ఐలండ్‌లో శామ్యూల్ స్లేటర్ మిల్లు ఉంది కానీ అక్కడ నూలు వడకడం వరకే, నేత బయట ఇళ్లలో జరిగేది. ఆ వడికే పనికి మొదట పెట్టుకున్నది పాపకన్నా చిన్న పిల్లల్ని.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. యుద్ధం అయిపోగానే ఇంగ్లండు గుడ్డ చవగ్గా వచ్చి పడింది. లోవెల్ వాషింగ్టన్ వెళ్లి దిగుమతి సుంకం కోసం నాయకుల చుట్టూ తిరిగాడు. 1816 చట్టంలో, గుడ్డ ఎంత నాసిదైనా గజం 25 సెంట్లకు తక్కువ కాదని లెక్కవేసి దాని మీద సుంకం వసూలు చేయాలన్నారు. నాసి గుడ్డకి అది మోయలేని భారం. వాల్తామ్ మిల్లు నేసేది సరిగ్గా ఆ రకమే. ఆ చట్టాన్ని గట్టిగా సమర్థించినవాళ్లలో సౌత్ కరోలినాకు చెందిన జాన్ సి. కాల్హూన్ ఒకడు! తర్వాత బానిసత్వానికి కొమ్ముకాసిన, 1832లో ఇదే సుంకాల మీద దేశాన్ని చీలిక దాకా తీసుకెళ్లిన కాల్హూనే. 1816లో మాత్రం ఉత్తరాది మిల్లు పత్తి కొనే గిరాకీగా కనిపించింది.

మిల్లులకు దక్షిణాది కూడా గిరాకీయే. బానిసలకు ఇచ్చే ముతక గుడ్డ రోడ్ ఐలండ్ మిల్లుల్లోనూ లోవెల్‌లోనూ నేసి తోటలకి అమ్మేవారు. పత్తి ఏరిన మనిషి ఒంటిమీదికి అదే పత్తి తిరిగొచ్చేది, లాభం మధ్యలో రెండుచోట్ల ఆగేది. 1848లో చార్లెస్ సమ్నర్ అనే మసాచుసెట్స్ నాయకుడు కొరడా దొరలకీ మగ్గం దొరలకీ పొత్తు కుదిరిందని బాహాటంగానే అన్నాడు.

అయితే మిల్లు దొరలు వేరు, మిల్లులో పనిచేసినవాళ్లు వేరు. ఇది పాపకి తప్పకుండా చెప్పండి. లోవెల్ ఊరు కట్టింది ఫ్రాన్సిస్ లోవెల్ చనిపోయాక, ఆయన పేరు మీద. మెర్రిమాక్ నది అక్కడ 32 అడుగులు దిగుతుంది, ఆ జలపాతం బలం మీద మిల్లులు నడిపారు. పనికి వచ్చింది చుట్టుపక్కల రైతుబిడ్డలు, చాలామంది పెళ్లికాని ఆడపిల్లలు. కంపెనీ హాస్టళ్లలో ఉండి, గంట కొడితే లేచి, రోజుకి పన్నెండు పదమూడు గంటలు పని.

వీలైతే పాపని లోవెల్‌లోని బూట్ మిల్లు మ్యూజియానికి తీసుకురండి. నేత హాల్లో పాత మగ్గాలు ఇప్పటికీ ఆడిస్తారు. అవి తర్వాతి కాలంవే, అయినా సంగతి తెలుస్తుంది. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తారు, అయినా ఆ చప్పుడు పాదాల్లోంచి ఎక్కుతుంది. నాడె, అంటే అడ్డపోగు మోసుకెళ్లే చెక్క, అటూ ఇటూ కొట్టుకుంటుంటే పక్కమనిషి మాట వినపడదు. నాకు అలవాటైన చప్పుడే, కానీ ఆ కాలంలో అది ఎలా ఉండేదో ఆలోచిస్తే గుండె బరువెక్కింది. గాలి పొడిబారితే పడుగు (నిలువు) పోగులు తెగుతాయని వేసవిలో కూడా కిటికీలు తెరవనిచ్చేవారు కాదు. పైగా ఆవిరి కొట్టేవారు. నాడెలో పేక (అడ్డపోగు) కండె మార్చినప్పుడల్లా నాడె కన్నంలో నోరు పెట్టి పోగు పీల్చాలి. ఒకరి నోట్లోది ఒకరికి, నూగు ఊపిరితిత్తుల్లోకి. ఎంతమందికి క్షయ అంటుకుందో!

ఆ ఆడపిల్లలు ఊరుకోలేదు. 1834లో జీతాలు కోస్తే సమ్మె చేశారు. 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే మళ్లీ చేశారు. 1840ల్లో సారా బాగ్లీ నాయకత్వంలో పదిగంటల పనిదినం కోసం శాసనసభకి సంతకాలు పంపి, 1845లో కమిటీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పారు. బానిసత్వం పోవాలని సంతకాలు చేసి పంపిన లోవెల్ మహిళలూ ఉన్నారు. పదిగంటల చట్టం మసాచుసెట్స్‌లో ఆడవాళ్లకి వచ్చింది 1874లో.

పాతపటాలు:

చెరోకీల గురించి నాలుగు మాటలు. చార్టులో వాళ్లను అడవిలో తిరిగేవాళ్లలాగా వేయకండి ప్లీజ్. 1821 నాటికి సెక్వోయా వాళ్ల భాషకి లిపి తయారుచేశాడు. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో వాళ్ల రాజధాని న్యూ ఎకోటాలో చెరోకీ ఫీనిక్స్ పత్రిక మొదలైంది. మరుసటి ఏడాది వాళ్ల భూముల్లో బంగారం కోసం జనం ఎగబడ్డారు. 1832లో జార్జియా ఆ భూముల్ని లాటరీ వేసి పంచేసింది, మనుషులు ఇంకా అక్కడ కాపురం ఉండగానే! వాళ్ల ప్రధాన నాయకుడు జాన్ రాస్ 1835లో వాషింగ్టన్ నుంచి ఇంటికొస్తే, ఆ ఇంట్లో లాటరీ గెలిచినవాడు కాపురం పెట్టేశాడు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. చెరోకీల్లో డబ్బున్నవాళ్లు కొందరికి బానిసలు ఉన్నారు. 1835 లెక్కల్లో సుమారు 1,600 మంది. వెళ్లగొట్టినప్పుడు వాళ్లూ ఆ దారిలోనే నడిచారు.

బఫెలో బాబాయ్:

చాలా తెలుసుకున్నాను, ఇద్దరికీ థాంక్స్. కానీ నాకు ఒకటే అనుమానం. జనాభా అంతలా పెరుగుతున్నప్పుడు, పత్తికి అంత ధర పలుకుతున్నప్పుడు, ఆ భూములు ఎలాగూ పోయేవే కదా? జాక్సన్ కాకపోతే ఇంకొకడు.

నూలుపోగు:

బాబాయ్ గారూ, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఎలాగూ పోయేవే అయితే అంత కష్టపడి తీసుకోవాల్సిన అవసరం ఏముంది?

1803లో అధ్యక్షుడు జెఫర్సన్ ఇండియానా గవర్నరు హారిసన్‌కి రాసిన ఉత్తరం ఉంది. మూలవాసుల పెద్దలు సర్కారు దుకాణాల్లో అప్పులపాలైతే మంచిదే, తీర్చలేక భూమి వదులుకుంటారని అందులో స్పష్టంగా ఉంది. 1805లో చోక్తాలు 40 లక్షల ఎకరాలకు పైగా రాసిచ్చారు. దానికి బదులు ముట్టిన డబ్బులో దాదాపు అంతా ఒక వర్తక కంపెనీ అప్పుల కిందకే వెళ్లింది. ఇది జనాభా ఒత్తిడి కాదు, బుద్ధిపూర్వకంగా వేసిన పథకం.

1830లో మూలవాసులను పశ్చిమానికి పంపే తరలింపు బిల్లు ప్రతినిధుల సభలో అయిదు ఓట్ల తేడాతో గట్టెక్కింది. టెనెస్సీ నుంచి వచ్చిన డేవీ క్రాకెట్, జాక్సన్ సొంత రాష్ట్రం వాడు, వ్యతిరేకంగా వేశాడు. దక్షిణాదికి అదనపు సీట్లు ఎలా వచ్చాయో గుర్తుచేసుకోండి, బానిసల్ని అయిదింట మూడు వంతుల లెక్కన జనాభాలో కలిపినందుకు. ఆ సీట్లు లేకపోతే బిల్లు ఓడిపోయేది. 1832లో సుప్రీంకోర్టు జార్జియా చట్టాలు చెరోకీ నేల మీద చెల్లవంది. జార్జియా లెక్కచేయలేదు, జాక్సన్ కదల్లేదు. 1835 డిసెంబరులో, భూములు వదిలి పశ్చిమానికి వెళ్తామనే న్యూ ఎకోటా ఒప్పందం మీద సంతకం పెట్టింది చిన్న వర్గం, జాన్ రాస్ పెట్టలేదు. సెనేట్‌లో అది ఒక్క ఓటు మీద నెగ్గింది, ఒక్కరు అటు తిరిగినా కావాల్సిన మూడింట రెండొంతులు వచ్చేవి కావు. ఆ ఒప్పందం మాది కాదంటూ 15 వేలకు పైగా పేర్లతో చెరోకీలు అర్జీ పంపారు. మొత్తం జనాభాయే 16 వేల చిల్లర. 1838లో సైన్యాన్ని పంపి తుపాకీ మొనల మీద ఇళ్లలోంచి లాగారు. ఆ వేసవి శిబిరాల్లోనూ చలికాలపు దారిలోనూ సుమారు 4 వేలమంది పోయారని అంచనా.

అయిదు ఓట్లు, ఒక్క ఓటు అంటున్నాం. ఎలాగూ జరిగేదయితే సభల్లో అంత సన్నటి తేడా ఉండదు.

బఫెలో బాబాయ్:

సీట్ల లెక్క నాకు తెలియదు. అది ఆలోచించాల్సిందే. కాలువ మాత్రం చార్టులో ఉంచండి!

ఎనిమిదో క్లాసు అమ్మ:

ఉంచుతాం బాబాయ్ గారూ, మూలన చిన్నగా. పాప ఇప్పుడు మధ్యలో ఏ బొమ్మ పెట్టాలా అని చూస్తోంది. జిన్ను బొమ్మ పెడదామంది. నూలుపోగు గారూ, మీరేమంటారు?

నూలుపోగు:

జిన్ను పక్కన పెట్టమనండి. మధ్యలో 1814 అని ఏడాది వేసి, మూడు చోట్లకి గీతలు లాగమనండి: వాల్తామ్‌లో మగ్గం, టల్లపూసా వంపు, ఫోర్ట్ జాక్సన్. మూడూ అదే ఏడాది. వాల్తామ్ నుంచి లోవెల్‌కి, ఫోర్ట్ జాక్సన్ నుంచి అలబామా పత్తి చేలకి, అక్కణ్ణుంచి ఓడల్లో మళ్లీ మసాచుసెట్స్‌కి గీతలు సాగుతాయి. హార్స్‌షూ బెండ్ ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉంది, వాళ్ల సైటులో పటం దొరుకుతుంది. వర్జీనియా నుంచి నాచెజ్ దాకా నడిచిన దారి కూడా వేరే రంగుతో వేయమనండి, చాలా చార్టుల్లో అది ఉండదు.